చట్రం దగ్గర డోవీ కుర్చీ

కెంటకీ కొండల నడుమ ఆ లోయలో డోవీకి పట్టిన దురదృష్టం ఇంకెవరికీ పట్టలేదు. ఆవిడకు వంట బ్రహ్మాండంగా వచ్చు.

బొంత కుట్టే రోజున ఆడవాళ్ళందరూ ఓర్ఫా అత్త ఇంట్లో చేరేవారు. ఇంటి దూలానికి తాళ్ళతో వేలాడే చట్రం కిందికి దిగేది. దాని మీద బిగించిన బొంత చుట్టూ కుర్చీలు, కుర్చీల్లో ఆడవాళ్ళు, వాళ్ళ నోళ్ళలో లోయ మొత్తం. కుట్టు వచ్చినవాళ్ళకు కుర్చీ, రానివాళ్ళకు పొయ్యి. అదే అక్కడి చట్టం. పెళ్ళై వచ్చిన కొత్తలో డోవీ వేసిన నాలుగు కుట్లు చూసి ఓర్ఫా, "ఇవి కుట్లా, కాలిగోళ్ళు చిక్కుకునే ఉచ్చులా? పో, పోయి ఆ కోడి సంగతి చూడమ్మా" అంది. డోవీ పోయి చూసింది. ఆ కోడి పులుసు, అందులో ఉడికిన మెత్తని పిండి ముద్దలు ఒకసారి తిన్నాక ఇంక ఆవిడను బయటికి రానిచ్చేదెవరు? పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, జుట్టు నెరిసింది, డోవీ మాత్రం పొయ్యి దగ్గరే ఉండిపోయింది.

వంట ఆవిడకు బరువు కాదు. నవ్వులే బరువు. ముందుగదిలో ఎవరో ఏదో అంటారు, ఇంటి కప్పు ఎగిరిపోయేట్టు నవ్వుతారు. ఈవిడ గరిటె పట్టుకుని పరిగెత్తుకొచ్చి "ఏంటి, ఏమైంది?" అంటే, "ఏం లేదులే, మళ్ళీ చెబితే బాగుండదు" అంటారు. ఇన్నేళ్ళలో ఆవిడ చెవిన పడ్డ ప్రతి జోకూ చల్లారిపోయాకే పడింది.

ఆ చలికాలం ఓర్ఫా మనవరాలి పెళ్ళి బొంత చట్రానికి ఎక్కిన రోజున డోవీ పులుసులో ఉప్పు వేసింది. మళ్ళీ వేసింది. కాస్త ఆలోచించి ఇంకో గుప్పెడు వేసింది.

మొదటి చెంచాకే పక్కింటి అల్మీడా కళ్ళు తేలేసింది.

"ఒదినా, ఇది కోడి పులుసా, పందిమాంసం ఊరేసిన నీళ్ళా?"

"నాకేం తెలుసు? నా మనసు పొయ్యి దగ్గర లేదు" అంది డోవీ.

"మరెక్కడుందే?" అంది ఓర్ఫా.

"అదిగో, ఆ చట్రం దగ్గర. నన్నక్కడ కూచోబెట్టేదాకా ఈ లోయలో ఎవరికీ నా చేతి మంచి ముద్ద దొరకదు."

అల్మీడా పకపకా నవ్వింది. "కూచోబెట్టు అత్తా! నా కడుపు మాడిపోతోంది."

ఓర్ఫా డోవీని పైనుంచి కిందిదాకా చూసింది. "సరే, కూచో. కానీ ఇది నా మనవరాలి బొంత. నీ కుట్టు పాడుగా ఉందా, నువ్విల్లు చేరేలోపు విప్పి పారేస్తా. ఇంక జన్మలో ఆ కుర్చీ అడక్కు."

ఓర్ఫా మనసు ఎక్కడ మారుతుందోనని డోవీ పరుగున వెళ్ళి కూచుంది.

ఓర్ఫా నేర్పడమంటే తిట్టడమే. "పైన అతుకుల గుడ్డ, మధ్యలో ఏకిన దూది, కింద అస్తరు. మూడూ కదలకుండా మధ్యనుంచి అంచులదాకా పొడుగు టాకాలు వేసి పెట్టాం. అచ్చం నీ కుట్లలాగే ఉంటాయి. ఆఖర్న పీకేస్తాం."

అందరూ విరగబడి నవ్వారు. ఈసారి తనూ అక్కడే ఉంది కాబట్టి డోవీ అందరికంటే గట్టిగా నవ్వింది.

"నవ్వింది చాలు. మోచెయ్యి ఇక్కడ ఆనించి, సుద్ద పట్టుకుని చెయ్యి గుండ్రంగా తిప్పు. విసనకర్రలాగా వచ్చిందా? ఆ గీత మీదే కుట్టాలి. దారం చివర చిన్న ముడి వేసి ఒక్క గుంజు గుంజు. ముడి పైగుడ్డలోంచి దూరి దూదిలో దాక్కోవాలి."

డోవీ గుంజింది. టుప్పుమని ముడి మాయమైంది. ఆ చప్పుడు ఎంత నచ్చిందంటే, అవసరం లేకపోయినా ఇంకో దారం ఎక్కించి మళ్ళీ గుంజింది.

"ఆటలాడకు! పైచెయ్యి సూదిని ఊపాలి, కిందిచెయ్యి కాపలా కాయాలి. కింద వేలికి మొన తగలగానే పైకి తిప్పెయ్. నాలుగు కుట్లు సూదికెక్కాక లాగు."

"తగిలింది" అంది డోవీ. "అబ్బా! బాగానే తగిలింది."

"తగలాలి మరి. తగల్లేదంటే సూది కిందిదాకా దిగలేదన్నమాట."

రక్తపు చుక్క పెళ్ళి బొంతకు అంటితే ఓర్ఫా ప్రాణం తీస్తుంది. డోవీ చట్రం కింద గుట్టుగా తన ఏప్రన్ అంచు వేలికి చుట్టుకుంది. ఇంక నొప్పి లేదు. సూది జోరందుకుంది. పాస్టరుగారి కంచరగాడిద వాగులో పడి బాప్తిస్మం పుచ్చుకున్న కథ అల్మీడా చెబుతుంటే వేడివేడిగా వింటూ, విసనకర్ర పక్కన విసనకర్ర కుట్టుకుంటూ పోయింది.

"చూశారా, ఇప్పుడు గుచ్చుకోవడమే లేదు!" అంది గర్వంగా.

"అప్పుడే కాయ కాసిందా వేలు?" అంది ఓర్ఫా అనుమానంగా.

పని ఆపే వేళకు నలుగురు నాలుగు తాళ్ళు లాగారు. చట్రం లేచింది. డోవీ లేచింది. చట్రం ఇంకా లేచింది. డోవీ ఏప్రన్ మొహం మీదుగా పైకి సాగింది, నడుం దగ్గర ముడి బిగుసుకుంది, డోవీ మునివేళ్ళ మీద నిలబడింది.

"అత్తా, ఆపండి! బొంత నన్ను పట్టుకుపోతోంది!"

అల్మీడా నవ్వాపుకోలేక తాడు వదిలేసింది. ఆ మూల ధబ్బున దిగింది, డోవీ బొంత కింద మాయమైంది. కత్తెరలు, దారపుండలు నేల మీద దొర్లాయి. నవ్వలేక ఒకావిడ నేల మీద కూలబడింది.

ఓర్ఫా ఒక్కతే నవ్వలేదు. కత్తెర తీసుకుని చట్రం కిందికి దూరింది. ఏప్రన్‌ను పట్టుకున్న కుట్లను విప్పబోయింది. కత్తెర మొన దూర్చడానికి సందు దొరకలేదు. ఇంకో చోట ప్రయత్నించింది. అక్కడా అంతే. బొంత కింది చీకట్లో డోవీ ఆవిడ మొహమే చూస్తోంది.

"విప్పడం నా వల్ల కాదు" అంది ఓర్ఫా చివరికి. "గట్టిగా పడ్డాయి ముదనష్టపు కుట్లు." ఏప్రన్‌నే చుట్టూ కత్తిరించి డోవీని విడిపించింది. "వచ్చే వారం ఏప్రన్ లేకుండా వచ్చి కూచో."

"మరి వంట?" అంది అల్మీడా.

"వంతులు వేసుకుందాం. ముందు నీ వంతు."

డోవీ ముందు భాగం ఊడిన ఏప్రన్ విప్పకుండానే మంచులో ఇంటికి బయల్దేరింది. దారిలో ఎదురైన ప్రతివాళ్ళనూ ఆపి, వాళ్ళు అడగకపోయినా, ఆ చిరుగు చూపించింది.