మోకు పట్టిన పదకొండో మనిషి

తెనాలి నుంచి ఇటు రేపల్లె దాకా, అటు బాపట్ల దాకా వెలిగే బల్బుల్లో సగం జార్జి చేతి మీదుగా వెలిగినవే. ఈ లెక్క జార్జిదే. మిగతా సగం సరిగ్గా వెలగట్లేదంటే తనని ఇంకా పిలవలేదు కాబట్టి అంటాడు. ఇంటర్లో ఫిజిక్సు పరీక్ష రోజున, ప్రశ్నపత్రంలో సర్క్యూటు తప్పు వేశారనీ, దానికి జవాబు రాస్తే దిద్దే మాష్టారికి షాకు కొడుతుందనీ, ఒక ప్రాణం కాపాడ్డానికి పేపరు ఖాళీగా ఇచ్చి బయటికొచ్చేశాడట. ఆ తర్వాత కాలేజీ గడప తొక్కలేదు. ముప్పై ఏళ్లుగా వైరింగు పని.

'బల్బు మాడితే మారుస్తాను, మొహం మాడితే అదీ మారుస్తాను' అని కార్డు మీద అచ్చేయించుకున్నాడు. రెండో పని స్టూలెక్కాక మొదలవుతుంది. ఏ ఇంట్లో స్టూలెక్కితే ఆ ఇంటాయన ఉద్యోగం మీద జోకు.

బ్యాంకు ఉద్యోగి ఇంట్లో: "బల్బు మార్చడానికి మీ బ్యాంకులో ఎంతమంది కావాలండీ? ఒక్కరు చాలు. కాకపోతే పాత బల్బు ఆధార్ జిరాక్సు రెండు కాపీలు, కొత్త బల్బు ఫొటోలు రెండు తేవాలి."

టీచరుగారింట్లో: "ఒక్కరే. మార్చేముందు 'ఇక మీదట మాడను' అని పాత బల్బు చేత వందసార్లు రాయిస్తారు."

పాస్టరుగారికి: "మీరూ ఒక్కరే చాలండి. కానీ 'ముగించేముందు ఒక్క మాట' అని నాలుగుసార్లు అంటారు, ఈలోపు తెల్లారిపోతుంది, ఇక బల్బెందుకు?"

షేరాటో నడిపే బాబీకి: "నువ్వొక్కడివే మార్చేస్తావురా. కానీ ఇంకో ఇద్దరు ఎక్కితేగాని కదలవు."

వేమూరు దగ్గర రైసుమిల్లు సుందరయ్యగారికైతే బల్బు అరచేతిలో తూచి చూపిస్తాడు: "మీరు మార్చరండి. తేమ ఎక్కువుందని తరుగు తీస్తారు."

అందరూ నవ్వేవాళ్లు. వైర్‌మెన్లనీ వదిలేవాడు కాదు. "మాకు ఇద్దరు కావాలి. ఒకడు మార్చడానికి, ఇంకొకడు 'ఎవడండీ ఈ వైరింగ్ చేసిన దరిద్రుడు' అనడానికి. చేసింది ఎవడని వెతికితే నేనే అయ్యుంటాను."

ఒక్క సుబ్బులు మాత్రం నవ్వలేదు. సుబ్బులుది నిజాంపట్నం. తెల్లారి హార్బర్లో వేలంపాట అయ్యాక చేపలు కొనుక్కుని, బాబీ ఆటోలో బుట్టలేసుకుని వేమూరు చుట్టుపక్కల పల్లెల్లో అమ్ముకుంటుంది. జార్జి ఆమెని అత్తా అంటాడు, చుట్టరికం ఏమీ లేకపోయినా. ఒకరోజు వేమూరు సెంటర్లో, పదిమంది బేరమాడుతుండగా అందుకున్నాడు:

"చేపలమ్మే మా అత్త బల్బు మారుస్తుందా? చచ్చినా మార్చదు. అసలు మాడిందని ఒప్పుకుంటేగా! 'ఇప్పుడే పడవ దిగింది, ముట్టుకుని చూడు ఎంత తాజాగా ఉందో' అంటది."

నవ్వినవాళ్లు నవ్వి ఊరుకోలేదు. మర్నాటి నుంచి బుట్ట ముందు కూర్చున్న ప్రతివాళ్లూ చేప మొప్ప ఎత్తి, "ఏం సుబ్బులూ, ఇదింకా వెలుగుతుందా?" అని అడగడం మొదలెట్టారు. వారం రోజులు సగం బుట్ట వెనక్కి మోసుకెళ్లింది. తర్వాత జార్జి కనపడితే ఒకటే మాట అంది: "నా బుట్టే దొరికిందట్రా నీ నవ్వులకి?" రెండు నెలలు మాట్లాడలేదు.

పోయిన డిసెంబరులో, వేమూరు అవతల ఒక పల్లెలో లూథరన్ చర్చికి కోత పండుగ వచ్చింది. కొత్త ధాన్యం తెచ్చి దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకునే పండుగ. గంట గోపురం పైన సిలువ దగ్గర దీపం మాడిపోయిందని జార్జిని పిలిచారు. పాస్టరుగారు మీటింగుకి బాపట్ల వెళ్తూ తాళం ముందురోజే ఇచ్చారు. గోపురం అరవై అడుగులుంటుంది. జార్జి నోట్లో అది ఇప్పటికే నూట ఇరవై దాటింది.

పొద్దున పదింటికి లోపలి ఇనపనిచ్చెన ఎక్కి, మూత తోసుకుని పైకొచ్చాడు. పైన మంచమంత చోటు. నాలుగు వైపులా పిట్టగోడ లేదు, ఓ మూల సిమెంటు స్తంభం, మధ్యలో సిలువ. బల్బు మార్చాడు. సామాన్ల సంచి అందుకుందామని వంగాడు. వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. నడుం పట్టేసింది.

పట్టేయడమంటే మామూలుగా కాదు. లేవబోతే కళ్లలో చుక్కలు, కూర్చోబోతే కాళ్లలోకి కరెంటు. మూతలోంచి దిగాలంటే నడుం తిప్పాలి. అది తిరగదు. సిలువని వాటేసుకుని కిందకి చూశాడు. అదో తప్పు. నేల గిర్రున తిరిగింది. స్పృహ తప్పితే ఎటు ఒరిగినా నేలే. ఊరు ఊరంతా పొలాల్లో ఉంది. అరిస్తే కోతమిషను చప్పుడులో ఆ అరుపు పక్కనున్న పావురానికి కూడా వినపడలేదు.

ఫోను తీశాడు. చార్జింగు నాలుగు శాతం. తెనాలిలో ఉన్న భార్య రూబీకి చేస్తే నమ్మేది. నమ్మి ఏడ్చేది. ఆ ఏడుపుకి నాలుగు శాతం చాలదు. ఆ ఊరి బళ్లోనే పనిచేసే అంద్రెయ మాష్టారికి చేశాడు.

"బావా, చర్చి గోపురం మీద ఇరుక్కుపోయాను. నడుం పట్టేసింది. దిగలేను."

"ఆగాగు బావా, స్పీకర్లో పెడతా." స్టాఫ్‌రూములో కుర్చీలు జరిగిన చప్పుడు. "ఆఁ, చెప్పు. గోపురమెక్కిన వైర్‌మెన్ని దింపడానికి ఎంతమంది కావాలి?"

"జోకు కాదు బావా, నిజం!"

"ఓహో. నిజం. తర్వాత?"

"తర్వాతేంటి, చచ్చిపోతా!"

స్టాఫ్‌రూము గొల్లుమంది. "ఇది బాలేదు బావా, పోయినసారి తేమ జోకే బాగుంది," అని మాష్టారు పెట్టేశాడు.

బాబీకి చేశాడు. "అన్నా," అన్నాడు బాబీ, "మొన్న కాలవలో నీ కాలు మొసలి పట్టిందన్నావు. పాసింజర్లతో సహా వచ్చాను. ఏదీ మొసలి? చెప్పు తెగి నాచులో ఇరుక్కుంది. ఇయ్యాల నేను రాను." టక్కున కట్.

ముప్పై ఏళ్లుగా చెప్పిన కోతలన్నీ ఒక్కొక్కటే వచ్చి చుట్టూ నిలబడ్డట్టు అనిపించింది జార్జికి. రెండు శాతం ఉంది. అంబులెన్సుని పిలుద్దామంటే దానికి అరవై అడుగుల నిచ్చెన ఎక్కడిది? పేర్లు జరుపుతుంటే వేలు ఒకచోట ఆగింది. 'సుబ్బులత్త చేపలు'. ఈ పల్లెల్లోనే ఎక్కడో తిరుగుతూ ఉంటుంది. ఎత్తుతుందా? సిగ్గు ఒకవైపు, నేల ఒకవైపు. నొక్కాడు.

"ఎవరూ?"

"సుబ్బులుగారండీ... నేనండీ... జార్జినండి."

అవతల చేపల మీద ముసిరిన ఈగల్ని తోలుతున్న చప్పుడు.

"నీకేమయిందిరా?"

"ఏం లేదండి... మీకు వీలైతేనండి..."

"ఓరి నాయనో!" అని అరిచింది సుబ్బులు. "అత్తా అనేవాడివి నన్ను అండి అన్నావంటే ప్రాణం మీదకొచ్చి ఉండాల. ఎక్కడున్నావు?"

"చర్చి పైనండి, మాష్టారి ఊళ్లో... నడుం పట్టేసి—" ఫోను చచ్చిపోయింది.

ఆ తర్వాత జరిగింది జార్జి పైనుంచి చూశాడు. ముందుగా కాలవగట్టు మీద దుమ్ము రేపుకుంటూ బాబీ ఆటో వచ్చింది. ఇంకొక్కరు రావాలి అనలేదు, ఎక్కినవాళ్లనే దింపేసి వచ్చాడు. సుబ్బులు దిగీదిగడంతో తలెత్తి చూసి, "కదలమాక! కళ్లు మూసుకో!" అని కేకేసింది. బాబీని మిల్లుకి తోలి, తను బడిలోకి నడిచింది. రెండు నిమిషాల్లో అంద్రెయ మాష్టారు చేతిలో సుద్దముక్కతోనే పరిగెత్తుకొచ్చాడు. కాసేపటికి ఆటోలోంచి సుందరయ్యగారు దిగారు, వెనకాల లారీకి బస్తాలు బిగించే మోకుతో ఆరుగురు ముఠా కూలీలు. మిల్లు ఆపేసి వచ్చారు. తేమ ఊసే లేదు.

సుబ్బులు చేపల బుట్టల మీద కప్పే వల తీసి భుజానేసుకుంది. కొంగు నడుముకి దోపి నిచ్చెనెక్కింది, మోకు చుట్ట మోసుకుంటూ ఆమె వెనక మాష్టారు. పడవల మనుషుల మధ్య పుట్టింది, ముడి ఎలా వెయ్యాలో ఎవరూ చెప్పక్కర్లేదు. వలని నాలుగు మడతలేసి జార్జిని వంగినవాణ్ణి వంగినట్టే అందులోకి దొర్లించింది. మోకుని మూలస్తంభానికి రెండు చుట్లు చుట్టి, ఒక కొస వలకి బిగించి, రెండోది కిందకి వదిలింది. కింద ఎనిమిది జతల చేతులు దాన్ని పట్టుకున్నాయి. సుందరయ్యగారు కూడా, తెల్ల చొక్కాతోనే.

"బావా," అన్నాడు మాష్టారు, "నేను నవ్వాను."

"నేనైనా నవ్వేవాణ్ణే బావా."

"మాటలాపండి! ఒరే, వదలండి... వదలండి... నిదానం!" సుబ్బులు కేకకి మోకు బెత్తెడు బెత్తెడుగా జారింది. సగం దారిలో కింద ముందున్న కూలీ కాలు గోపురం నీడలో మంచు ఆరని గడ్డి మీద జారింది. వెనకవాళ్లు తూలారు. జార్జి రెండు గజాలు రాయిలా పడ్డాడు. గాలి తప్ప ఏమీ లేదు. అయిపోయింది అనుకున్నాడు. వల ఎగిరి ఆగింది. పొలంలోంచి ఎవరో పరిగెత్తుకొచ్చి మోకు కొస నడుముకి చుట్టుకుని వెనక్కి పడుకున్నాడు. తలకి ఎర్రతువ్వాలు. అంతే కనపడింది.

నేల తగిలాక జార్జి ఏడ్చాడు. తెనాలి ఆసుపత్రిలో పది రోజులు పడుకున్నాడు. డాక్టరు మీద ఒక్క జోకు వెయ్యలేదని నర్సులు కంగారుపడ్డారు.

లేచాక నడుముకి బెల్టు కట్టుకుని ఒక్కొక్కరి ఇంటికీ వెళ్లాడు. మాష్టారింటికి, మిల్లుకి, ముఠా వాళ్లందరి ఇళ్లకీ. బాబీ కాళ్లమీద పడబోతే, "వొంగమాకన్నా, మళ్లీ పట్టేస్తది" అన్నాడు బాబీ. సుబ్బులు దగ్గరికి వేమూరు సెంటర్లోనే వెళ్లి, అందరూ చూస్తుండగా చేతులు జోడించాడు. ఆమె పెద్ద చందువా ఒకటి కాగితంలో చుట్టి చేతిలో పెట్టింది.

"రూబీకివ్వు. పులుసు పెట్టమను. ఎదర నిలబడమాక, బేరమడ్డం."

ఎవరికి ఈ కథ చెప్పినా వాళ్లే పెంచమంటారు. "పదకొండు మందేంటి జార్జీ, యాభైమంది అను, బాగుంటుంది." అందరికన్నా పెద్ద కోతలరాయుడు ఇక్కడ మాత్రం కదలడు. "పదకొండు మందేనండి. పది మంది పేర్లు చెప్తాను. పదకొండో ఆయన పేరు తెలీదండి. దింపగానే వెళ్లిపోయాడు, మిషను ఆగిందని."

ఇప్పుడు ప్రతి శనివారం వేమూరు బస్సెక్కి ఆ ఊరెళ్లి ఆయన కోసం వెతుకుతున్నాడు. మొదటి శనివారమే దొరికాడు. "నేనేనయ్యా," అన్నాడు ఒక సన్నటాయన, టీ పోయించి. పక్కింటాయన, "వాడా? నేనైతే ఒంటిచేత్తో ఆపాను" అన్నాడు. తర్వాతి వారం ఒకాయన మోకుని పళ్లతో పట్టానన్నాడు, ఊడిన పన్ను కూడా చూపించాడు. ఒకాయన ఆ రోజు విజయవాడలో ఉన్నాడని ఆయన భార్యే చెప్పింది, అయినా పట్టాడట. జార్జి ఎవరికీ ఎదురు చెప్పడు. అందరింటా టీ తాగుతాడు, అందరికీ చేతులు జోడిస్తాడు. "మీ దయండి. మీరు పట్టబట్టేనండి."

"ఇరవై ఆరుమంది అయ్యారు," అంది రూబీ. "అందులో పాతిక మందివి అబద్ధాలేగా?"

"అవ్వనీ. ఇరవై ఆరుమందికీ చెప్తే అసలాయనకీ చెప్పినట్టేగా."

ఇరవై ఏడో ఆయన ఈ శనివారం బస్సు దిగేచోటే నిలబడి ఉన్నాడు, కొత్త ఎర్రతువ్వాలు చుట్టుకుని. జార్జి దిగి, చేతులు జోడించాడు.