చివరి మడిదాకా నీళ్ళు

సూర్యాపేటలో పెళ్ళి ఫోటోలు తీసి బతుకుతాను. సెలవు దొరికితే నీళ్ళ ఫోటోలు తీస్తాను. ఇంట్లో దీన్ని పిచ్చి అంటారు. అననీ! నాట్లకు దమ్ము చేసిన మడిలో నీళ్ళు తేరుకుని, పొద్దుటెండ పడి, నాలుగు కొంగలు వచ్చి నిలబడితే ఎవరికి పిచ్చెక్కదో చెప్పండి?

చిక్కేమిటంటే, ఆ సోకు ఒక్క పొద్దే. ఏడింటికల్లా నాట్లేసే ఆడవాళ్ళు దిగుతారు, ఇక అంతా బురదే. రెండేళ్ళుగా ఆ ఒక్క పొద్దూ నాకు తప్పిపోతూనే ఉంది. ఈసారి కోదాడ అవతల, కాలువ చిట్టచివర మడి ఉన్న ఒక అవ్వ, కెమెరాతో తిరుగుతున్న నన్ను చూసి తనే పిలిచింది.

"రేపు పొద్దుగాల రా బిడ్డా. ఎన్నేండ్లకు నీళ్ళొచ్చినయ్, నాట్లు పడితె కనపడవ్."

నేను ఆ మాట సగమే విన్నాను. మడినిండా కొంగలు మరి! ఇల్లు చేరేదాకా బండి మీద పాటలే పాటలు.

మర్నాడు వెళ్ళేసరికి ఎండ సరిగ్గా నీళ్ళ మీదికి దిగుతోంది. గాలి లేదు, అల లేదు. కొంగ కూడా లేదు. ఒక్కటంటే ఒక్కటి లేదు!

అవ్వ గట్టు మీద కర్ర పట్టుకుని రొప్పుతోంది. "తెల్లారిన సంది ఉరికిచ్చి ఉరికిచ్చి కొట్టిన బిడ్డా. నీ ఫోటోకు అడ్డమొస్తున్నయ్."

"అవ్వా, నేనొచ్చిందే వాటికోసం!"

"కొంగలకేం ఫోటోలు! యాడ సూసినా అవే" అంటూ కొత్త చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి మడిలోకి దిగేసింది. తేరిన నీళ్ళన్నీ చెదిరిపోయాయి. ఎండ ముక్కలు ముక్కలై ఆమె చుట్టూ గిరగిరా తిరిగింది. అబ్బ, ఏం వెలుగు! ఇన్నేళ్ళూ నీళ్ళు కదలకపోతేనే ఫోటో అనుకున్నాను, ఎంత మొద్దునో! చెప్పులు విసిరేసి నేనూ దూకాను, జారి చతికిలబడ్డాను. కెమెరా మాత్రం పైకెత్తి పట్టుకున్నాను. అవ్వ పడీపడీ నవ్వింది. అలా నవ్వుతుండగానే టకటకా తీశాను.

గర్వంగా చూపించాను. అవ్వ ఫోటోలో తన మొహం వంక కూడా చూడలేదు.

"నన్నెందుకు గింత పెద్దగ తీసినవ్? నీళ్ళేవి? ఆ గట్టుదాక కనపడాలె. మిర్యాలగూడల మా తమ్మునికి పంపాలె. నీళ్ళు రాని మడి ఎందుకక్కా అని ఇయ్యాల కొనేటోళ్ళను తోలుకొస్తనన్నడు."

నా నవ్వు ఆగిపోయింది. ఆమె మడి పోబోతోంది, నేనేమో కొంగల కోసం గింజుకుంటున్నాను. సిగ్గేసింది. పరుగున అవతలి గట్టెక్కి, మడి మొత్తం పట్టేలా తీశాను. అందులో అవ్వ చిటికెనవేలంతే ఉంది. నాట్లవాళ్ళు గట్టు దిగకముందే ఆ ఫోటోను ఫోన్లోకి ఎక్కించి, అవ్వ చెప్పిన తమ్ముడి నంబరుకు పంపేశాను.

కాసేపటికి నా ఫోను మోగింది. స్పీకరు పెట్టి అవ్వకిచ్చాను. "అక్కా, గివెక్కడి నీళ్ళే?" అన్నాడు తమ్ముడు.

"నా మడివేరా! ఇగ అమ్ముడు ముచ్చట తియ్యకు."

ఫోను నా చేతిలో పెట్టి, దోసెడు నీళ్ళు తీసి నా నెత్తిన పోసింది. కెమెరా తడుస్తుందని అరవడం కూడా మరిచిపోయాను.