కొన దగ్గర తిరిగిన బల్ల

2006 ఏప్రిల్‌లో ఓర్వకల్లు దగ్గర అచ్చులు తయారుచేసే ఒక చిన్న కర్మాగారంలో క్యామ్ ప్రోగ్రామర్‌గా చేరాను. కంప్యూటర్ ముందు కూర్చుంటాను కాబట్టి మా బంధువులు నన్ను టైపిస్టు అనుకునేవారు. ఇనుప దిమ్మెను కోసే టూలు ఏ దారిలో పోవాలో, ఆ దారిలో ఎటు వాలి ఉండాలో ముందుగా లెక్క కట్టి యంత్రానికి రాసివ్వడం నా పని. దారి గీయడం నాలుగు నెలల్లో ఎవరికైనా వస్తుంది. వాలు నిర్ణయించడం రాదు. నాకు వచ్చని అప్పట్లో నా నమ్మకం.

మా యంత్రానికి అయిదు కదలికలు. పక్కలకు, ముందువెనకలకు, పైకిందలకు అన్నవి మూడు. నాలుగోది, టూలును పట్టుకున్న తల వాలడం. అయిదోది, దిమ్మెను బిగించిన గుండ్రటి బల్ల తిరగడం. తల ఎడమకు బాగా వాలుతుంది, కుడికి కొద్దిగానే. ఈ ఒక్క సంగతి తెలిస్తే మిగతాదంతా అర్థమవుతుంది.

ఆ వేసవిలో వచ్చిన పని గుమ్మటం లాంటి అచ్చు. ఒక పక్క మెల్లని వాలు, అవతలి పక్క దాదాపు గోడ. టూలు వాలు పక్కను దువ్వుకుంటూ పైకెక్కి, కొన మీద నిటారుగా నిలిచి, అవతలికి దిగాలి. తెర మీద ఆడించి చూశాను. తల వాలింది, బల్ల మెదల్లేదు. సరిగా ఉందని సంతకం పెట్టి కింది షెడ్డుకు పంపాను.

మొదటి దిమ్మె కొన మీద గుంట పడి వచ్చింది. రెండోదీ అంతే. ఆ తర్వాత కొన్ని నున్నగా, ఏ మచ్చా లేకుండా వచ్చాయి. అంతలో మళ్లీ ఒకటి చెడింది. చెడిన మూడు సార్లూ యంత్రం దగ్గర ఉన్నది హుసేనప్ప. బేతంచెర్లలో నాపరాళ్లు పాలిష్ పట్టే పనిలో దుమ్ము మింగి మింగి దగ్గు తెచ్చుకుని, ఆ పని మానేసి మా దగ్గర ఆపరేటరుగా కుదిరినవాడు. యజమాని శెట్టిగారు అతణ్ణి నా ముందే నిలబెట్టి, "మేడం కంప్యూటర్ల తప్పు లేదంట. మిషన్ల తప్పు లేదంట. ఇంగ మిగిలింది నువ్వే కదప్పా," అన్నారు. శనివారం దాకా గడువు. ఆ తర్వాత మళ్లీ పాలిష్ ఫ్యాక్టరీకే.

హుసేనప్ప తల వంచుకుని చెప్పిన మాట నాకిప్పటికీ గుర్తుంది. "నేను ముట్టుకోలేదు సామీ. టూలు కొనకు పోతానే బల్ల అదే తిరుగుతాండాది. నన్ను సూసేకి తిరుగుతాండాది."

షెడ్డులో ఎవరూ నవ్వలేదు. ఆ స్థలం చదును చేసినప్పుడు పసుపు పూసి ఉన్న ఒక నిలువురాయిని బుల్డోజరుతో పక్కకు నెట్టేశారట. అది ఇప్పటికీ ప్రహరీ అవతల బోర్లా పడి ఉంది. రెండో షిఫ్టు ఆపరేటరు మద్దిలేటి నాతో ఈ సంగతి గొంతు తగ్గించి చెప్పాడు. "రాయికి కోపమొస్తే గుండ్రంగా గుంట పెడుతుందా? ఏ కాలేజీలో చదివిందప్పా అది?" అని నేను గొంతు పెంచే అడిగాను.

హుసేనప్ప మరో కొత్త దిమ్మె ఎక్కించి మీట నొక్కిన రోజు, నేను వెళ్లి యంత్రం కిటికీ దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నాను. పట్టపగలు, పదకొండు దాటింది. బయట రాళ్ల గుట్టల మీద ఎండ తెల్లగా మండుతోంది. రేకులు వేడికి టప్పుమంటున్నాయి. హుసేనప్ప నాకు దూరంగా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. మీటల దగ్గర ఎవరూ లేరు. టూలు వాలు మీద వరసగా దువ్వుకుంటూ పైకి వచ్చింది. కొన చేరింది. నిటారుగా లేచి నిలబడింది.

అక్కడ ఆగింది. ఆగమని నేను రాయలేదు.

బల్ల కదిలింది. చప్పుడు లేదు. నూనెలో తేలుతున్నట్టు, ఎవరో వెనక్కి పిలిస్తే ఒళ్లంతా తిప్పి చూసినట్టు, సగం చుట్టు తిరిగింది. దిమ్మె వెనక పక్కన ఎర్రటి చుక్క ఒకటి నెమ్మదిగా ముందుకు వచ్చి, సరిగ్గా నా ముఖానికి ఎదురుగా నిలిచింది. ఆ తర్వాత ఏమీ జరగనట్టు టూలు అవతలికి వాలి దిగడం మొదలుపెట్టింది. నా చేతుల మీద వెంట్రుకలు లేచాయి. ఇందులో దాచడానికేమీ లేదు.

అత్యవసర మీట నొక్కి, "ఆ ఎర్రచుక్క ఏంది?" అని అరిచాను.

"కుంకుమ మేడం."

"వెనకకు ఎవురు పెట్టినారు?"

తనే పెట్టానని హుసేనప్ప చెప్పుకొచ్చాడు. కొత్త దిమ్మె ఎక్కించినప్పుడు దాని నంబరు కొట్టిన పక్క ఆపరేటరు వైపు, అంటే పడమరకు ఉంటుంది. పడమటి మొహంతో పని మొదలుపెట్టడం అతనికి మనసొప్పదు. నంబరు పక్కన బొట్టు పెట్టి, చేతిచక్రంతో బల్లను తూర్పుకు తిప్పి, దండం పెట్టుకుని మీట నొక్కుతాడు. అతను మొదలుపెట్టిన కొత్త దిమ్మెలే చెడ్డాయని అప్పుడు నాకు తోచింది.

మిగతాది నాకు పది నిమిషాల్లో తెలిసింది. నా ప్రోగ్రాం టూలు ఎటు వాలాలో చెబుతుంది గానీ, బల్ల ఎక్కణ్ణుంచి మొదలవ్వాలో చెప్పదు. ఒకే వాలును యంత్రం రెండు విధాలుగా అందుకోగలదు: తలను ఎడమకు వాల్చి, లేదా బల్లను సగం చుట్టు తిప్పి తలను కుడికి వాల్చి. ఏది దగ్గరైతే అది ఎంచుకుంటుంది. తెర మీద బల్ల తిప్పకుండా, సున్నా డిగ్రీల దగ్గర మొదలైంది కాబట్టి నాకేమీ కనపడలేదు. హుసేనప్ప తిప్పి మొదలుపెట్టినప్పుడు మెల్లని వాలు వరకు సాగింది. గోడలాంటి పక్కకు వచ్చేసరికి తల కుడికి అంత వాలలేదు. అందుకని టూలును కొన మీదే నిలిపి కింద బల్లను తిప్పింది. గుంట అక్కడ పడింది.

"ముందే ఎందుకు చెప్పలేదప్పా?" అన్నాను.

"మీరు సేరిన వారంలో బొట్టు పెడతాంటే సూసి, ఇనుముకు తూర్పేంది, పడమరేంది, రేపు పంచాంగం గూడా సూపిస్తావా అంటిరి కదా మేడం. అందరూ నగిరి. అప్పటినుంచి మీరు లేనప్పుడే పెడతాండా."

అన్నాను. నాకు గుర్తుంది కూడా. ఆ రోజు బాగా అన్నానని మురిసిపోయాను.

శెట్టిగారి గదికి వెళ్లి తప్పు నా సంతకం కిందే ఉందని చెప్పాను. ఆయన నమ్మలేదు. "ఆయప్పను కాపాడేకి సెప్తాండారు," అన్నారు. చెడిన నాలుగో దిమ్మె మీదే, బల్లను ఒకసారి అటూ ఒకసారి ఇటూ పెట్టి నడిపి చూపించాను. రెండోసారి బల్ల తిరుగుతుంటే శెట్టిగారు రెండడుగులు వెనక్కి వేశారు. హుసేనప్ప పని పోలేదు. నంబరును దిమ్మెకు అవతలి పక్కన కొట్టమన్నాను. దాంతో ఎవరూ బల్లను తిప్పనవసరం లేకుండానే దిమ్మె తూర్పుకు చూస్తుంది.

ఒకటి మాత్రం తేలలేదు. తర్వాత షిఫ్టు రిజిస్టరు తీసి చూస్తే, చెడిన రెండో దిమ్మెను ముందురోజు సాయంత్రం మొదలుపెట్టింది మద్దిలేటి. హుసేనప్ప మర్నాడు పొద్దున కొనసాగించాడంతే. మద్దిలేటిని మర్యాదగానే అడిగాను. "నేను బల్ల తిప్పలేదు మేడం. నాకు ఆ అలవాటే లేదు," అన్నాడు. తిప్పే ఉంటాడని నేను అనుకుంటున్నాను. రుజువు లేదు.

ఆ తర్వాత ఆరోగ్యం కుదరక ఉద్యోగం మానేదాకా నేను రాసిన ప్రతి ప్రోగ్రాంలో మొదటి వరస బల్లను సున్నాకు తెచ్చేదే. టూలును కొన మీద సరిగ్గా నిటారుగా ఎన్నడూ నిలపలేదు, ఒక డిగ్రీ అయినా ఎటో ఒక పక్కకు వాల్చాను. సంతకం పెట్టే ముందు షెడ్డులోకి దిగి, మీట నొక్కడానికి ముందు ఏమేం చేస్తారో ఆపరేటరును చేసి చూపించమనేదాన్ని. చూస్తున్నంతసేపూ నోరు మూసుకునేదాన్ని. అన్నిటికన్నా ఆలస్యంగా నేర్చుకున్నది అదే.