భైంసా పచ్చదీపం

నివేదిక అప్పటికే తయారై ఉంది. అడుగున వనజ పేరు, ఆమె ఉద్యోగం పేరు అచ్చయి ఉన్నాయి. వాటి మీద వేలెడు ఖాళీ వదిలారు. ఆ ఖాళీలో సంతకం పడితే, కరీంనగర్‌లో ప్రధాన కార్యాలయం ఉన్న మానేటిగడ్డ పాల సంఘం తన సర్వర్లనూ, పదకొండు శీతలీకరణ కేంద్రాల నెట్‌వర్క్‌నూ కనిపెట్టుకుని ఉండే సాఫ్ట్‌వేర్‌ను కొనేస్తుంది. నివేదికలో మొదటి వాక్యం ఇది: “రెండు సాఫ్ట్‌వేర్లను పద్నాలుగు రోజులు పక్కపక్కన నడిపి, పరీక్షించి, పోల్చి చూసి, మొదటిదే మేలైనదని ధ్రువీకరిస్తున్నాను.”

పరీక్ష మొదలై ఆనాటికి నాలుగు రోజులు.

“ఇంక పది దినాలున్నయి గద సార్,” అంది వనజ.

జనరల్ మేనేజర్ సదానందం కళ్లద్దాలు తుడుచుకుంటూ నవ్వాడు. “పెండ్లి ఖాయమైనంక జాతకాలు సూస్తవా వనజమ్మా? సోమవారం కమిటీ కూసుంటది. అప్పటికి గీ కాయితం ఫైల్ల ఉండాలె. గంతే.”

“నేను పరీక్షించిన అని రాసున్నది సార్. నేనింక పరీక్షించలే.”

“సూస్తనే ఉన్నవ్ గద! సూసుడే పరీక్ష. జర సమజ్ చేసుకో. నీ కాంట్రాక్టు మార్చిల అయిపోతది, యాదికున్నదా?”

యాదికి లేకపోవడమేమిటి? ఆరేళ్లుగా ఆమె ఆ కంప్యూటర్ గదిలో ఔట్‌సోర్సింగ్ మనిషి. ప్రతి మార్చిలోనూ తన ఉద్యోగం ఉందో ఊడిందో గోడ మీది జాబితాలో వెతుక్కునే మనిషి. అది ఫిబ్రవరి రెండో వారం. ఆమె కాగితాన్ని మడవకుండా, సంతకం చేయకుండా, చేత పట్టుకుని బయటికి నడిచింది.

వనజ సిరిసిల్లలో సాంచల చప్పుడు మధ్య పెరిగింది. మరమగ్గాన్ని అక్కడ సాంచ అంటారు. బాపు రాయమల్లు ఒక్కడే ఎనిమిది సాంచలను చూసుకునేవాడు. చిన్నప్పుడు బడి విడిచాక కార్ఖానా గడపలో కూర్చుని, “బాపూ, అన్ని ఆడుతున్నయి గద, ఇంకేం సూస్తున్నవ్?” అని అడిగేది. ఆయన నడుస్తున్న బట్ట మీద అరచెయ్యి ఆనించి, “ఆడుడు కాదు బిడ్డా, నేసుడు సూడాలె. పోగు తెగినా సాంచ ఆడుతనే ఉంటది,” అనేవాడు. ఆ తర్వాత పాలిటెక్నిక్ మూడేళ్లు చదివి ఆమె ఎన్నో నేర్చుకుంది గానీ, కాపలా అంటే ఏమిటో నేర్చుకున్నది మాత్రం ఆ గడపలోనే.

పరీక్షలో ఉన్న రెండు సాఫ్ట్‌వేర్లకూ ఎలక్ట్రీషియన్ కైలాసం మొదటిరోజే పేర్లు పెట్టేశాడు. హైదరాబాద్ కంపెనీ తెచ్చినది ‘పెండ్లికొడుకు’. గోడంత తెర మీద జిల్లాల పటం, కేంద్రానికొక దీపం, లింకు ఉంటే పచ్చ, పోతే ఎరుపు. ఎవరు చూసినా ముచ్చటపడతారు. రెండోది ఎవరైనా ఉచితంగా దింపుకుని నడుపుకోగలిగినది. దాని పేరు ‘మేస్త్రి’. బూడిదరంగు తెర, చీమల బారులాంటి అక్షరాలు. మొదటిరోజు మేస్త్రి నాలుగు వందల హెచ్చరికలు పంపి వనజ ఫోన్‌ను హోరెత్తించింది.

“నీ మేస్త్రికి నోరెక్కువ మేడం,” అన్నాడు కైలాసం. “ఇంటికి పెద్దోడు పడుకుంటే ఇల్లంత సచ్చిపోయిందని ఒర్లుతది.”

అతను చెప్పింది నిజమే. ఒక కేంద్రంలో రూటర్ ఆగిందంటే దాని వెనకున్న కంప్యూటరూ, తూనిక యంత్రమూ, ట్యాంకు ఉష్ణోగ్రత చెప్పే మీటరూ అన్నీ ఆగినట్టే మేస్త్రి విడివిడిగా అరిచేది. దేని వెనక ఏముందో వనజ రెండు రోజులు కూర్చుని దానికి నేర్పింది. నాలుగో రోజుకు హెచ్చరికలు తొమ్మిదికి దిగాయి. ఈ రెండు రోజుల చాకిరీ పెండ్లికొడుకుతో లేదని ఆమె తన పుస్తకంలో నిజాయితీగా రాసుకుంది. పెండ్లికొడుకు అరగంటలో నిలబడింది. దాని హెచ్చరికలు తెలుగులో కూడా వస్తాయి. మేలు ఉన్నచోట మేలనే రాయాలి.

అయితే మిగిలిన తొమ్మిదిలో ఒకటి మాత్రం ఆమెను వదలలేదు. రోజూ మధ్యాహ్నం ఒంటిగంట దాటాక, భైంసా కంప్యూటర్ పలకడం లేదని మేస్త్రి చెబుతోంది. అదే గంటలో పెండ్లికొడుకు పటం మీద భైంసా నిగనిగలాడే పచ్చదీపం.

“మీ ఉచితం సాఫ్ట్‌వేర్ తప్పుడు అలారం ఇస్తోంది మేడమ్,” అన్నాడు కంపెనీ ప్రతినిధి. “మా రికార్డు చూడండి. నెట్‌వర్క్‌లో మీ బెస్ట్ సెంటర్ భైంసానే.”

రెండిట్లో ఒకటి అబద్ధం చెబుతోంది. ఏదో తేలకుండా ధ్రువీకరించడమంటే సాక్షి చూడనిదాన్ని చూశానని ప్రమాణం చేయడమే. శుక్రవారం వనజ సెలవు పెట్టి, తెల్లవారగానే బస్సెక్కి, జగిత్యాల మీదుగా నిర్మల్ చేరి, అక్కడ మరో బస్సు పట్టుకుని మిట్టమధ్యాహ్నానికి భైంసాలో దిగింది.

కేంద్రం ఆపరేటర్ దేవదాస్ యాభై దాటిన మనిషి. కరీంనగర్ నుంచి వచ్చానని చెప్పగానే లేచి నిలబడ్డాడు. “తనిఖీనా బిడ్డా?”

“కాదు కాకా. సూసి పోదామని వచ్చిన.”

“కరీంనగరోళ్లు ఉత్తగ సూసి పోయింది నేనెన్నడు సూడలే,” అన్నాడు గానీ చాయ్ చెప్పాడు.

ఒంటిగంటా పది నిమిషాలకు కరెంటు పోయింది. ఎండాకాలానికి ముందు లైన్ల మరమ్మతని రోజూ ఆ వేళకే తీస్తున్నారట. బయట జనరేటర్ అందుకుంది. అది పాల ట్యాంకు కోసమే. ఆఫీసు గదికి మూలనున్న ఇన్వర్టరే దిక్కు. దేవదాస్ అలవాటైన చేత్తో కంప్యూటర్ ప్లగ్గు పీకి పక్కన పెట్టాడు. లింకును నిలబెట్టే రూటర్ ప్లగ్గును ఒకసారి గట్టిగా అదిమి, దాని చిన్న పచ్చదీపం వెలుగుతోందని చూసుకుని, కుర్చీలో వెనక్కి వాలాడు.

“గదెందుకు పీకినవ్ కాకా?”

“బ్యాటరీ పాతది బిడ్డా. రెండింటిని మొయ్యది.”

“కంప్యూటర్ లేకపోతే ట్యాంకు ఎంత సల్లగున్నదో మాకు రాదు గద?”

దేవదాస్ బీరువాలోంచి ఒక ఫైలు తీసి ఆమె ముందు పెట్టాడు. అందులో ఏడు మెమోలు. ఏడూ ఒకే మాట: మీ కేంద్రం లింకు ఎందుకు తెగింది, మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వండి.

“గీ రూటర్ డబ్బా ఆరితే మెమో వస్తది. కంప్యూటర్ ఆరితే ఎవ్వలు అడుగలే, ఒక్కపారి గూడ. ఇగ నువ్వే చెప్పు, దేన్ని బతికించుకోవాలె?”

వనజ మెమోలను ఒక్కొక్కటే తిరగేసింది.

“నీ ఒక్కని కాడనేనా కాకా గిట్ల?”

“కరెంటు పోతే అందరం గిదే చేస్తం. చొప్పదండి మమతారాణి నాకు చెప్పింది, నేను శ్రీరాంపూర్‌కు చెప్పిన. బరోబర్ నడుస్తున్నది.” ఆయన నవ్వాడు, మరుక్షణం నవ్వు ఆపుకున్నాడు. “నా పేరు రాస్తవా బిడ్డా?”

“రాయ,” అంది వనజ.

తిరుగు బస్సులో ఆమెకు కోపం కుదురుగా కూర్చోనివ్వలేదు. ఆ కోపం దేవదాస్ మీద కాదు. ఏది ఆరితే శిక్ష వేశారో దాన్నే ఆ మనుషులు కాపాడారు. పాలను కాపాడమని వాళ్లకు ఎవరు చెప్పారు? ఎవరి మాటా వినకుండా రాసిన ఏడు మెమోలు ఒక దీపాన్ని వెలిగించి, ఒక కేంద్రాన్ని గుడ్డిది చేశాయి. ఇప్పుడు ఆ దీపాన్నే గోడంత చేసి కొనబోతున్నారు. కొనేది తన సంతకం చూసే.

సోమవారం కమిటీ ముందు పెండ్లికొడుకు తెర వెలుగుతోంది. ఒంటిగంట దాటేదాకా వనజ ఓపిక పట్టింది. పట్టడం ఆమెకు రాదు, అయినా పట్టింది. మేస్త్రి తెర మీద భైంసా కంప్యూటర్ ఎర్రబడగానే లేచి రెండు తెరలనూ చూపించింది. భైంసాలో తాను చూసినదంతా చెప్పింది.

“ఎవడు పీకిండు ప్లగ్గు?” సదానందం గొంతు పెరిగింది. “పేరు చెప్పు.”

“మెమో రాసిన చెయ్యే పీకింది సార్.”

గదిలో ఎవరో దగ్గారు. కంపెనీ ప్రతినిధి సర్దుకున్నాడు. “అదనపు ప్యాకేజీ తీసుకుంటే మాది కంప్యూటర్లను కూడా చూస్తుంది మేడమ్.”

“సూస్తది, నాకెరికే. మీ కొటేషన్ల గది ఉన్నదా?”

అతను ఫైలు తిరగేశాడు. లేదు.

“మీ సామాను చెడ్డదని నేనంటలేను. మనం అడుగుతున్నదే తప్పు. లింకు ఉన్నదా అని అడుగుతున్నం. పని అయితున్నదా అని అడుగుతలేం.”

సదానందం నివేదికను ఆమె ముందుకు జరిపాడు. “ఉపన్యాసం అయిపోయిందా? సంతకం చెయ్యి.”

వనజ కలం తీసుకుంది. వేలెడు ఖాళీలో చిన్న అక్షరాలతో రాసింది: “పరీక్ష పూర్తి కాలేదు. పైన రాసినది నా నిర్ణయం కాదు.” కింద సంతకం పెట్టి తారీఖు వేసింది. ఆ కాగితానికి తన నాలుగు పేజీల సొంత నివేదిక జతచేసి, వచ్చిన కాగితాలు నమోదు చేసే రమ బల్ల దగ్గరికి నడిచింది.

“అక్కా, గీ కాయితానికి ముద్ర ఏస్తే నన్ను గూడ పిలుస్తరేమో,” అంది రమ.

“వచ్చిన కాయితం వచ్చిందని చెప్పుడే గద ముద్ర. అబద్ధమైతే ఎయ్యకు.”

రమ ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసి, ముద్రను ఇంకులో అద్ది, అవసరమైనదానికంటే గట్టిగా వేసింది.

మర్నాడే ఉత్తర్వు వచ్చింది: వనజను శ్రీరాంపూర్ కేంద్రానికి ఆపరేటర్‌గా పంపుతున్నారు. ఆమె స్థానంలో బిల్లింగ్ విభాగం నరేశ్ కూర్చుంటాడు. బాపుకు ఫోన్ చేస్తే ఆయన, “గక్కడ నీ మీద ఒర్లేటోళ్లు ఎవలన్న ఉన్నరా?” అని మాత్రం అడిగాడు. లేదంది. “మరి ఫికరెందుకు? పనిజేసుకో.”

గనుల నుంచి వచ్చే లారీల దుమ్ము శ్రీరాంపూర్ కేంద్రం కిటికీల మీద నల్లగా పేరుకుని ఉంది. గురువారం, పరీక్షకు పన్నెండో రోజు, మధ్యాహ్నం కరెంటు పోయింది. ఇన్వర్టర్ బ్యాటరీ ఇక్కడా పాతదే. వనజ ఏ ప్లగ్గూ పీకలేదు. పావుగంట రెండూ నడిచాయి, తర్వాత రెండూ ఒకేసారి ఆరాయి. కరీంనగర్ గోడ మీద శ్రీరాంపూర్ ఎర్రబడింది. సాయంత్రానికి మెమో వచ్చింది. ఆమె రెండు పంక్తుల్లో బదులిచ్చింది: “బ్యాటరీ పాతది. ఎరుపు నిజం. కొత్త బ్యాటరీ పంపగలరు.”

ఆ సంగతి విని దేవదాస్ ఫోన్ చేశాడు. “మెమోకు భయం కాలేదా బిడ్డా?”

“అయింది కాకా. అయినా ఎర్రగనే ఉండనిచ్చిన. నిన్ను మాత్రం నేనేం చెయ్యమంటలేను.”

ఆయన ఫోన్ పెట్టేశాడు. చొప్పదండికి ఫోన్ చేసినట్టున్నాడు. అక్కడి నుంచి మమతారాణి ఇంకెవరికో. పచ్చదీపాన్ని కాపాడుకునే కిటుకు ఏ దారిన పాకిందో ఈ మాటా ఆ దారినే పాకింది.

శనివారం, పద్నాలుగో రోజు. రెండు దాటాక నరేశ్ ఫోన్.

“అక్కా, తెరంత ఎర్రగైంది! కరెంటు తీసినకాడ ఎవ్వలు ప్లగ్గు పీకలేదంట, పదకొండింట్ల ఏడు పోయినయ్. భైంసా, చొప్పదండి అన్ని. కంపెనీ పిలగాడు చెమట తుడుసుకుంటుండు. నేను బిల్లింగ్ల ఉన్నన్ని దినాలు గీ పటం ఎంత సక్కగున్నదో అనుకునేటోన్ని.”

“గా కాయితం నీ ముందల పెట్టిండ్రా?”

“పెట్టిండ్రు. నా పేరు గూడ అచ్చేసిండ్రు.” అతను గొంతు తగ్గించాడు. “సంతకం చెయ్యలే అక్కా. గిప్పుడు పద్నాలుగు దినాలు బరోబర్ అయినయ్ గద. సూసింది నేను రాసుకుంట. నీ నాలుగు పేజీలు రమ కాడ తీసుకున్న.”

అతను పెట్టేసిన కాసేపటికే మళ్లీ ఫోన్ మోగింది. ఈసారి సదానందం.

“ఏం చేసినవ్ వనజా? ఏడు సెంటర్లను చెడగొట్టినవ్!”

మార్చి ఇంకా వారం పది రోజుల దూరంలో ఉంది. ఆ జాబితాలో తన పేరు ఉండకపోవచ్చునని ఆమెకు తెలుసు. కిటికీ అవతల జనరేటర్ మోగుతోంది. ట్యాంకు మీటర్ దగ్గరికి నడిచి, ముల్లు ఎక్కడుందో కళ్లారా చూసుకుని, అప్పుడు జవాబిచ్చింది.

“ఏం చెడగొట్టలే సార్. ఎన్నడో చెడ్డదాన్ని మీకు కనవడనిచ్చిన. ట్యాంకు నాలుగు డిగ్రీల కాడ సల్లగనే ఉన్నది, రాసుకోండ్రి. బ్యాటరీ ఎప్పుడు పంపుతరో గది గూడ రాసి పంపుండ్రి.”