చేతిలో ఫ్యూజులు

మా సెక్షన్‌కు కొత్తగా వచ్చిన ఇంజనీరు రోజూ పొద్దున్నే లైన్‌మెన్‌లందరినీ నిలబెట్టి భద్రత గురించి చక్కటి తెలుగులో చెప్పేవాడు. నాకు ఒళ్లు మండేది. ఆఫీసులో ఉండి ఎవరైనా చెబుతారు, స్తంభం ఎక్కేది మేము. నా పక్కనుండే సీనియర్ అన్న అయితే నిలబడే కునుకు తీసేవాడు.

ఎండాకాలంలో ఓ మధ్యాహ్నం గౌలిపురలో కరెంటు తీగ తెగింది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజులు పీకాకే మేం స్తంభం ఎక్కుతాం. పీకినవి అక్కడే వదిలేస్తే ఉక్కకు తట్టుకోలేక గల్లీలో ఎవరో ఒకరు మళ్లీ పెట్టేస్తారు. అందుకే పైకెక్కినా నా చూపు కిందే ఉండేది.

ఆ రోజు ఇంజనీరే వచ్చి ఫ్యూజులన్నీ పీకి రెండు చేతుల్లో పట్టుకున్నాడు.

"ఎక్కండి. మీరు దిగేదాకా ఇవి నా దగ్గరే ఉంటాయి" అన్నాడు.

"సాబ్, కరెంట్ ఎప్పుడొస్తది?" అని జనం ఆయన చుట్టూ చేరి లొల్లి పెట్టారు. జేబులో ఫోన్ మోగుతూనే ఉంది. ఆయన తీయలేదు. తాడు పట్టుకుని కింద నిలబడిన అన్న ఇదంతా చూసి, నేను దిగాక చెప్పాడు. నేను మాత్రం పని అయ్యేదాకా కిందికి చూడనే లేదు.

మర్నాడు పొద్దున మళ్లీ అదే ఉపన్యాసం. ఒక్క ముక్క మారలేదు. అన్న కళ్లు పెద్దవి చేసుకుని చివరిదాకా విన్నాడు. బయటికొచ్చాక నా భుజం తట్టి, "ఈ సార్ మస్తు మంచిగ చెప్తడు రా" అన్నాడు.

"అవునన్నా, నిన్నటి సంది" అన్నాను.