మా ఇంట్లో నవంబరు ఉగాది

ఆ రోజుల్లో మా ఇంట్లో గోడకు క్యాలెండరు ఉన్నా తేదీ మాత్రం నన్నే అడిగేవారు. ఇరవై ఏళ్ళ పిల్లకు గర్వపడడానికి ఆ మాత్రం చాలు. (అడిగేవారు అంటే ఎందరో అనుకోకండి, మా అవ్వ ఒక్కతే. అమ్మ పోయి అప్పటికి నాలుగేళ్ళు. నాన్న పోర్ట్ లూయిస్ రేవులో పని చేసేవాడు, ఇంటికి నిద్రపోవడానికి వచ్చేవాడు.) నాకు ‘లెక్కలమ్మ’ అని పేరు పెట్టింది అవ్వే, ఆ పేరుతో పిలిచిందీ ఆవిడే.

1967లో ఆ పేరు ఆవిడ మరచిపోయింది. నన్ను చూసి ఓసారి మా అమ్మ అనుకునేది, ఓసారి పక్కింటి తాంతిన్ అనుకునేది. తాంతిన్ అంటే ఇక్కడి వాళ్ళు మాట్లాడే క్రియోల్ భాషలో పిన్ని. ఆవిడకు అరవై ఏళ్ళు, బరువు నాకు రెండింతలు. ఉగాదినాడు మా ఇంట్లో పెద్దవాళ్ళు చిన్నవాళ్ళను పేరు పెట్టి పిలిచి పచ్చడి తొలిముద్ద నోట్లో పెట్టేవారు. ఆ రోజుకైనా అవ్వకు నేను గుర్తొస్తానని ఆశపడి, రోజులు లెక్కపెడుతూ ఉండేదాన్ని.

అయితే భూమధ్యరేఖకు దిగువనున్న మా ద్వీపంలో మామిడి కాపు నవంబరులో మొదలవుతుంది. ఉగాది నాటికి చెట్టు మీద ఆకులే మిగులుతాయి. అందుకే ఉప్పులో ఊరేసిన ముక్కలతో, పువ్వుకు బదులు వేపాకుతో పచ్చడి చేసుకునేవాళ్ళం. అవ్వకేమో, తెలుగునేల నుంచి ఓడలో వచ్చిన వాళ్ళమ్మ చెప్పిన ఉగాది ఒక్కటే మిగిలింది: చెట్టుకు పచ్చిమామిడి, కొమ్మకు వేపపువ్వు.

నవంబరు 19, ఆదివారం. పెరట్లో తొలి కాయ చూసి అవ్వ తలంటుకుంది, కొత్త చీర కట్టింది, పచ్చడి చెయ్యమంది. నేను క్యాలెండరు తెచ్చి ముందు పెట్టాను. ఉగాదికి ఇంకా నూట ముప్పై ఒక్క రోజులున్నాయని, వచ్చే ఫిబ్రవరిలో ఒక రోజు ఎక్కువని కూడా విడమరచి చెప్పాను. అంతా శ్రద్ధగా విని, “సరే, బెల్లం తే” అంది. నేను తేలేదు. అవ్వ తడిజుట్టుతోనే గుమ్మంలో కూర్చుంది సాయంత్రం దాకా.

రెండు వారాలకు మళ్ళీ అదే జరిగింది. ఈసారి నన్ను అడగలేదు, వీధిలోకే వెళ్ళింది. క్రిస్మస్ కోసం ఇల్లు కడుగుతున్న తాంతిన్ చీపురు పక్కన పెట్టి, “బొన్ ఆనే, గ్రాంమేర్” అని, అంటే ‘అవ్వా, నూతన సంవత్సర శుభాకాంక్షలు’ అని చెప్పి బుగ్గలు ముద్దాడిందట. ఏడు మారింది, పిల్లకు ఒకేడు పెరిగింది, ఇంకా పెళ్ళి కాలేదని అవ్వ ఇల్లిల్లూ చెప్పి వచ్చింది. వకోవా ఊరి బడిలో పిల్లలకు అరవై సంవత్సరాల పేర్లు వరసగా అప్పజెప్పించే పంతులమ్మను నేను. అవ్వ లెక్కన రెండు వారాలకో ఏడు పెరిగితే నా పని ఏడాదిన్నరలో ముసలితనానికి వచ్చేది.

డిసెంబరు 17న అవ్వ మూడోసారి తలంటుకుంది. నేను క్యాలెండరు తేవడానికి లేచాను. తాంతిన్ గోడ మీదుగా తల పెట్టి, ఆమెకు తెలుగు రాదు కదా, క్రియోల్‌లో ఒకే మాట అంది: “నీ పండగ రోజుకి ఆవిడ ఉంటుందా, తిఫీ?” (తిఫీ అంటే చిన్నపిల్ల.)

నేను కాయ కోశాను. వేపపువ్వు తెచ్చాను. రుచి చూస్తే ఆశ్చర్యం, పుట్టి బుద్ధెరిగాక ఉగాది పచ్చడి అంత తాజాగా ఉండడం అదే మొదటిసారి. అవ్వ ముద్ద తీసుకుని నా వైపు చూసింది.

“లెక్కలమ్మా, నోరు తెరు. ఇయ్యాల తేదీ చెప్పకు.”

నోరు తెరిచాను.

అసలు ఉగాది మార్చి 29న, మా దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన పదిహేడు రోజులకు వచ్చింది. ఉప్పుముక్కల పచ్చడి తిని, “ఎవరి పిల్లవమ్మా నువ్వు, బాగా చేశావు” అంది అవ్వ. నాకు నూటికి నూరు మార్కులు వచ్చినట్టే, తేదీ విషయంలో.

ఇప్పుడు ఇంట్లో నేనొక్కదాన్నే. తేదీ అడిగేవాళ్ళు లేరు. అయినా ఏటా తొలి పచ్చిమామిడి కనబడ్డ రోజున క్యాలెండరు గోడకేసి తిప్పి, తలంటుకుని, పచ్చడి చేస్తాను. ఎవరూ వినకుండా “లెక్కలమ్మా, నోరు తెరు” అనుకుని నేనే తింటాను. తర్వాత క్యాలెండరు మళ్ళీ ఇటు తిప్పుతాను. పండగ ఎన్ని రోజులు ముందు వచ్చిందో రాసుకోవాలి కదా.