తుపాకికి పెట్టిన కుంకుమ

రెండు వేల మూడులో, శనగకాయ ఊరే నెలలో, కళ్యాణదుర్గం పక్క ఒక బీటులో నేను అడవి శాఖ వాచరుని. మా ఆయన చేసిన పని, ఆయన పోయాక నాకిచ్చారు. వాచరంటే ఆ శాఖలో చివరి మెట్టు. పైన బీటాఫీసరు, ఆయన పైన రేంజరు. పంట తవ్వే అడవిపందిని కాల్చమని రేంజరు కాగితం ఇస్తే, లైసెన్సున్న షికారి వెంట వెళ్లి, జరిగింది చూసి, వేలిముద్ర వేయడం నా డ్యూటీ. దెబ్బతిన్న పంది తప్పించుకుంటే నెత్తురు జాడ పట్టుకుని కంపల్లో దూరడం కూడా నా డ్యూటీయే. కాగితంలో ఆ మాట రాయరు.

ఆసారి కాగితం హనుమక్క అనే రైతు చేనుకు వచ్చింది. మూడెకరాల్లో ఒక ఎకరా అప్పటికే పంది దున్నేసింది. అనుమతి ఒక్క పందికి, ఒక్క రోజుకే. ఆ రోజు దాటితే మిగిలిన రెండెకరాలూ పందికే.

షికారికి వచ్చినాయన రిటైరైన సుబేదారు. ఆయన రైఫిలుకు ట్రిగ్గరు కింద ఒక లివరు. దాన్ని కిందికి గుంజి పైకి తోస్తే ఖాళీ తూటా ఎగిరిపడి కొత్తది ఎక్కుతుంది. తూటా పేరు థర్టీ థర్టీ. గొట్టం కింద ఇంకో గొట్టంలో తూటాలు ఒకదాని వెనక ఒకటి పడుకుంటాయి. అందుకే కొన మొండిగా ఉంటుంది. వాడిగా ఉంటే ముందున్న దాని అడుగుకు గుచ్చుకుని లోపలే పేలుతుందట. మొండిది కాబట్టి నూరు గజాలు దాటితే జోరు తగ్గుతుందట. ఇదంతా ఆయనే చెప్పి, "మూడు తూటాలుండాయి. ఒకటి తప్పితే ఇంగోటి" అని నవ్వాడు. కంపల్లో దూరేది ఆయన కాదు కదా!

ఆయన ముద్ద తింటుండగా, గోడకు ఆనించిన ఖాళీ రైఫిలుకు హనుమక్క పూజ చేసింది. నాగలికి, బండికి చేసినట్టే పసుపు, కుంకుమ, టెంకాయ నీళ్లు. నిమ్మకాయ కోసిచ్చింది నేనే.

పొద్దు వాలేవేళ కిత్తనార కంచె వెనక కూర్చున్నాం. సుబేదారు తూటా దూర్చబోతే రైఫిలు పక్కన తూటాలు లోపలికి పోయే చిన్న వాకిలి తెరుచుకోలేదు. వేలు చూసుకుంటే ఎర్రగా ఉంది.

"ఏందిమ్మా ఇది?"

"పూజ చేసినా సామీ" అంది హనుమక్క.

"లోపలికంతా కుక్కినావు గదమ్మా!"

"యాడ సందు కనపడితే ఆడ పెట్టినా. దేవుడు యాడుంటాడో ఎవురికెరుక?"

నేను వేపపుల్లతో గోకాను. కుంకుమ ఇంకా లోపలికి పోయింది. చివరికి ఆయన లివరు తెరిచి, పైనుంచి ఒక్క తూటా నేరుగా పెట్టుకున్నాడు. అలా ఒక్కటే పడుతుంది. ఇక రైఫిల్లో ఉన్నది అదే, మిగతా రెండూ ఆయన జేబులో.

పంది వచ్చింది. నూట యాభై గజాలుంటుంది. ఆయన రైఫిలెత్తాడు.

"నూరు లోపలే అంటివి గదా సార్" అని గొణిగాను. దించాడు.

పంది తవ్వుకుంటూ తవ్వుకుంటూ వస్తోంది. "ఆ సాలు పాయ, ఈ సాలూ పాయ. కాల్చప్పా!" అని హనుమక్క నా చెయ్యి గిల్లుతోంది.

"ఉండమ్మా, ఇంగా రానీ" అన్నాడు ఈసారి ఆయనే.

నలభై గజాల్లో పంది పక్కకు తిరిగింది. తూటా భుజం వెనక తగిలింది. పది అడుగులేసి సాలులోనే పడింది.

"చూసినారా, పూజ ఊరికే పోలేదు!" అంది హనుమక్క. సుబేదారు రైఫిలు సందుల్లో కుంకుమ తుడుచుకుంటున్నాడు.

రెండు తూటాలు ఎందుకు మిగిలాయని పంచనామా రాస్తూ బీటాఫీసరు అడిగాడు. అవసరం పడలేదని చెప్పాను. అబద్ధమేమీ కాదు.

చేతిలో మూడుంటే షికారి దూరం నుంచే కాలుస్తాడని, ఒక్కటే ఉంటే పంది దగ్గరికొచ్చేదాకా కాస్తాడని ఆ రోజు నేర్చుకున్నాను. పని నుంచి దిగిపోయేదాకా ఏ షికారి వెంట వెళ్లినా తూటాలు నా కొంగులోనే కట్టుకున్నాను. మొదటిది పేలాకే రెండోది ఇచ్చాను.